పక్క బ్రేకు

ఆమెను ఎదురుగా అందరూ మేడం అంటారు. వెనకాల మాత్రం బ్రేకు మేడం. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకుంది, ఎందుకంటే తన గురించి ఈ జనం పుట్టించిన మాటల్లో కాస్తో కూస్తో నిజమున్నది అదొక్కటేనని ఆమె ఉద్దేశం. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నట్టే, నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గరా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని పక్క బ్రేకు అంటారు. దాని మీద కుడికాలు ఆనించి కూర్చుని ఆమె ఇరవై ఏళ్ళకు పైగా లోకాన్ని చూసింది. చూసినకొద్దీ లోకం మీద ఆమెకున్న గౌరవం కరిగిపోతూ వచ్చింది.

కరగదూ మరి. ఆఫీసులో పదిమందిని గడగడలాడించే పెద్దమనిషి, క్లచ్చి మెల్లగా వదలమంటే కళ్ళు మూసుకుంటాడు. వెనక ఏ బండి వస్తుందో అద్దంలో చూడమంటే జుట్టు సర్దుకునేవాళ్ళు కొందరు. కుడికి తిప్పమంటే, కుడి అంటే ఎటు అని అడిగిన లెక్కల ప్రొఫెసరు ఒకాయన. వీళ్ళందరినీ ఆమె ఏ గోడకూ ఏ స్తంభానికీ గుద్దుకోనివ్వకుండా కాపాడుకొచ్చింది. అదీ ఎలా, చడీచప్పుడు లేకుండా. పక్క బ్రేకు మీద ఆమె కాలు ఎంత మెత్తగా పడేదంటే, కారు తామే ఆపామనుకుని ఆ మహానుభావులు మురిసిపోయేవాళ్ళు. మురవనీ, వెర్రి మొహాలు, అనుకునేది.

యాభై మూడో ఏట ఆమెకు రొమ్ములో గడ్డ కనపడింది. దాన్ని కూడా ఒక మొండి స్టూడెంటు కిందే జమకట్టింది. ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది. చుట్టాలు ఫోన్లలో గొంతు తగ్గించి 'ఆ జబ్బు' అంటుంటే, "దానికో పేరుంది, క్యాన్సర్ అంటారు, నోరు తిరక్కపోతే ఫోన్ పెట్టేయండి" అంది. చాలామంది పెట్టేశారు. ఆమెకు ప్రాణం హాయిగా ఉంది.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. కూతురు వయసున్న డాక్టరమ్మ ఆమెకొక టాబ్లెట్ రాసింది.

"మీ గడ్డ హార్మోన్ తిని పెరిగే రకం అమ్మా. గడ్డ తీసేశాం. కానీ కంటికి కనపడకుండా ఒకటీ అరా కణం ఎక్కడైనా దాక్కుని ఉంటే, దానికి తిండి దొరక్కుండా చేస్తుందిది. రోజుకొకటి, ఐదేళ్ళు వేసుకోవాలి."

"దాక్కుని ఉందా?"

"తెలీదు."

"తెలీకుండానే ఐదేళ్ళు మింగమంటారా?"

"తెలీదు కాబట్టే మింగమంటున్నా. వేసుకుంటే తిరిగొచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. అసలు రానే రాదని మాత్రం నేను రాసివ్వలేను."

ఆ చివరి మాటతో ఆ పిల్ల మీద ఆమెకు వీసమెత్తు గౌరవం కలిగింది. లేని హామీలు ఇవ్వలేదు కదా అనుకుని, టాబ్లెట్లు తెచ్చుకుని వేసుకోవడం మొదలుపెట్టింది.

రెండో నెలకల్లా పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకుపోయి ఉండేవి. బ్రష్షు పట్టుకోవడానికి కూడా వాటిని బతిమాలుకోవాల్సి వచ్చేది. మంచం దిగి పాదం మోపితే చీలమండ బిగుసుకుపోయి, గోడ పట్టుకుంటే తప్ప బాత్‌రూమ్ దాకా నడవలేకపోయేది. ఇవి చాలవన్నట్టు, ఉన్నట్టుండి ఛాతీలోంచి సెగ లేచి మెడా మొహమూ కమ్మేసేది. అప్పుడామె కారు అద్దాలన్నీ దించేసేది. చలిగాలికి స్టూడెంట్లు వణికితే, "చురుగ్గా ఉంటారు, మంచిదే" అనేది.

ఇదంతా ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒంటినొప్పులు చెప్పుకుని బతికేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. ఆడపడుచు ఒకతె ఉంది, మోకాలి నొప్పి కథ మొదలుపెడితే ఫోను వేడెక్కాల్సిందే తప్ప కథ తెమలదు. అలాంటివాళ్ళ జట్టులో చేరడం కంటే కుంటుతూ నడవడం నయమనుకుంది. మూడు నెలల తర్వాత డాక్టరమ్మ, "ఎలా ఉంది? కీళ్ళ నొప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగితే, "బాగానే ఉంది" అని చెప్పి వచ్చింది.

ఆ అబద్ధం ఖరీదెంతో ఒక డెంటిస్టు వల్ల తెలిసింది. ఆయన ఆమె దగ్గర కొత్తగా చేరాడు. జనం నోట్లో డ్రిల్లు పెట్టి నిమ్మకు నీరెత్తినట్టు ఉండగలిగిన మనిషి, స్టీరింగు పట్టుకుంటే ఆకులా వణికేవాడు. ఒకరోజు పొద్దున్నే స్కూలు ప్రహరీ పక్క సందులోంచి ఒక ముసలాయన సైకిలు మీద రోడ్డెక్కాడు. "ఆపండి" అంది ఆమె. డెంటిస్టు కంగారులో బ్రేకనుకుని ఇంకోటి తొక్కాడు. అది మామూలే, కొత్తవాళ్ళు అదే చేస్తారు. ఆమె కాలు అప్పటికే పని కానిచ్చేయాలి.

కానీ ఆరోజు కాలు కదల్లేదు. ఆమె చెప్పింది, కాలు విన్నది, విని ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తర్వాత తొక్కింది. కారు ముందు భాగం సైకిలు వెనక మడ్‌గార్డును తాకి ఆగింది. ముసలాయన ఒక కాలు నేల మీద ఆనించి, వెనక్కి చూసి, పెదవి చప్పరించి, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

డెంటిస్టు మొహం పాలిపోయింది. "సారీ మేడం, తప్పు నాదే" అన్నాడు.

"మీది కాకపోతే ఎవరిది?" అని ఆమె ఒంటికాలి మీద లేచింది. ఆయన చదువుని, ఆయన చేతుల్ని, ఆయనకు పళ్ళు అప్పజెప్పిన జనాన్ని వరసపెట్టి కడిగేసింది. మర్నాటి నుంచి ఆయన రావడం మానేశాడు.

తిట్టేటప్పుడే ఆమెకు తెలుసు. తప్పులు చేయడానికే ఆయన అక్కడ కూర్చున్నాడు, ఆ తప్పుల్ని ఆపడానికే ఆమెకు జీతమిస్తున్నారు. ఇంటికెళ్ళి బాత్‌రూమ్ అలమరలో ఉన్న టాబ్లెట్ల పెట్టెను షాంపూ సీసా వెనక్కి నెట్టేసింది. ఆరోజు నుంచి వేసుకోలేదు.

రెండు వారాలు తిరిగేసరికి చీలమండ మాట వినడం మొదలుపెట్టింది. ఇక ఆమె మనసులో వాదన గట్టిపడిపోయింది. ఎప్పుడో వస్తుందో రాదో తెలియని దాని కోసం ఇవాళ రోడ్డు మీద పోయే ముసలాయన్ని చంపుకోవాలా? డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్న రోజు దగ్గరపడింది. వెళ్ళి, నేనిది వేసుకోను అని మొహం మీదే చెప్పేయాలనుకుంది. భయం లేదా అంటే, ఉంది. స్నానం చేసేటప్పుడు మచ్చ మీద చెయ్యి పడితే భయం వేసేది. ఈసారి వస్తే ఎముకల్లోకి రావచ్చని వార్డులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నీళ్ళు గబగబా కుమ్మరించుకుని బయటపడేది.

ఈలోగా ఆడపడుచు ఊడిపడింది. చేతిలో ఏదో ఆకుపొడి పొట్లం. "హార్మోన్ మందులంటే విషం వదినా. మా ఆఫీసులో ఒకావిడ మానేసి ఎంత హాయిగా ఉందనుకున్నావు. నా మాట విని నువ్వూ మానెయ్. ఇది పరగడుపున ఒక చెంచా వేసుకో చాలు."

కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే మనిషి ఈ ఆడపడుచు. తను అంతగా తర్జనభర్జన పడి చేసుకున్న నిర్ణయం ఆవిడ నోట్లోంచి, ఆకుపొడితో సహా ఊడిపడేసరికి బ్రేకు మేడానికి అది ఎంగిలైపోయినట్టైంది. ఎంత మంచి వాదనైనా ఇలాంటివాళ్ళు ఒప్పుకున్నారంటే దాన్ని ఒకసారి అనుమానించాల్సిందేననిపించింది. పొట్లం తీసుకెళ్ళి గిన్నెలు తోమే సబ్బు పక్కన పెట్టింది.

ఆసుపత్రివాళ్ళు నడిపే, క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళ మీటింగు ఒకటి ఉంటే అక్కడికీ వెళ్ళి చూసింది. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఎవరేం చెప్పినా చప్పట్లు కొడుతున్నారు. నడిపే ఆవిడ మైకు పట్టుకుని, "మనమందరం యోధులం" అంది.

"నేనెవరితోనూ యుద్ధం చెయ్యలేదండీ. మత్తిచ్చారు, కోశారు, కుట్టారు. అంతసేపూ పడుకునే ఉన్నా" అంది మేడం.

దానికీ చప్పట్లు కొట్టారు. ఆమె టీ కూడా తాగకుండా వచ్చేసింది.

ఆ వారంలోనే డ్రైవింగ్ స్కూల్లో ఇంకో గొడవైంది. పాత కారులో పక్క బ్రేకు కడ్డీ విరిగింది. స్కూలు ఓనరు కుర్రతనం వదలని మనిషి, అతనికి డ్రైవింగ్ నేర్పిందీ ఆమే. విడిభాగం రావడానికి పది రోజులు పడుతుందట. అప్పటిదాకా కారు షెడ్డులో పెట్టడం అతనికి సుతరామూ ఇష్టం లేదు.

"ఆ బ్రేకు మీరు గట్టిగా తొక్కాల్సొచ్చేది ఎప్పుడో ఏడాదికోసారి కదా మేడం. ఈ పది రోజుల్లోనే వస్తుందా ఏంటి?"

"రాదని నీకు తెలుసా?"

"తెలీదనుకోండి..."

"తెలీనప్పుడు నోరు మూసుకుని బాగుచేయించు. అసలు నీకు బండి నేర్పిన పాపం నాది" అని తాళాలు అతని బల్ల మీదికి విసిరేసింది. తాళాలు పెన్నుల డబ్బాను పడగొట్టాయి. ఇంటికొచ్చి ఈ సంగతంతా మొగుడికి ఓనరు గొంతు అనుకరిస్తూ మరీ చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆకలి బాగా వేసింది.

ఆ మొగుడి గురించి కూడా చెప్పుకోవాలి. కళ్ళద్దాల షాపులో పని. జనం చేత అక్షరాలు చదివిస్తూ, "ఇది బాగుందా, ఇది బాగుందా" అని రోజంతా మెల్లగా అడిగే మనిషి. పెళ్ళైన కొత్తలో ఆమె దగ్గర డ్రైవింగ్ నేర్చుకోబోయాడు. మూడు రోజులు సాగింది. మూడో రోజు ఇంటి ముందు, పక్కింటివాళ్ళు చూస్తుండగా, "మీరు కూర్చోడానికి పుట్టారు, నడపడానికి కాదు. పక్కకి జరగండి" అంది. ఆయన పక్కకి జరిగాడు. ఆ తర్వాత ఎప్పుడూ స్టీరింగు ముట్టుకోలేదు. ఆమె దాన్ని తన లెక్కలో గెలుపు కింద వేసుకుని మర్చిపోయింది.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు ఆయన కారు తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవాళ నేను నడుపుతా" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆయన జేబులోంచి లైసెన్సు కార్డు తీసి చూపించాడు. ఫొటోలో కూడా బెదిరిపోయే ఉన్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"చివరి వీధి స్కూల్లో."

అది ఆమె స్కూలుకి పోటీ స్కూలు. అక్కడ నేర్పేవాళ్ళకి గేరు మార్చడమే సరిగా రాదని ఆమె ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతుంది. "ఆ చవటల దగ్గరా? ఎప్పుడు?"

"నీ రేడియేషన్ అప్పుడు. ఒకరోజు ఆటో దొరక్క ఆసుపత్రి మెట్ల మీద తల వాల్చేసి కూర్చున్నావు చూడు. ఆ మర్నాడే చేరా."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఏమంటావో తెలుసుగా."

తెలుసు. ఏమనేదో ఆమెకు మాటతో సహా తెలుసు. తమాషా చూద్దామన్నట్టు మొహం పెట్టి, వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది.

తమాషాకేం కొదవలేదు. మలుపు కనుచూపు మేరలో లేకముందే సిగ్నలు వేస్తాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొట్టి, మళ్ళీ తనే సిగ్గుపడతాడు. నత్తలు కూడా దాటిపోయేలా ఉన్నాయి అనబోయి, ఆమె తన కాలు చూసుకుంది. కుడికాలు చాపి, బ్రేకు ఉండాల్సిన చోట నేలను అదేపనిగా తొక్కుతోంది. అది వాళ్ళ సొంత కారు. అక్కడ రబ్బరు పట్టా తప్ప ఇంకేం లేదు. కాలు వెనక్కి తీసుకుంది. మరుసటి కూడలిలో అది మళ్ళీ వెళ్ళి తొక్కింది.

"అక్కడ బ్రేకు లేదు" అన్నాడాయన, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

"తెలుసు. రోడ్డు చూడండి."

చెమట పట్టింది. ఇది టాబ్లెట్ సెగ కాదు, అది మానేసి మూడు వారాలు దాటింది. ఇరవై ఏళ్ళుగా ఈ కాలి కింద బ్రేకు లేకుండా ఆమె ఏ చేతకాని మనిషి పక్కనా కూర్చోలేదు. కూర్చున్నవాళ్ళను చూసి నవ్వింది. ఇప్పుడు కాలి కింద ఏమీ లేదు.

కాసేపటికి ఆయన మాట కలిపాడు. "మీ ఓనరు ఆ కారుకి బ్రేకు బాగుచేయించాడా?"

"చేయించకపోతే ఎవరెక్కుతారు? ఏడాదికోసారేగా అంటాడు వెధవ. ఆ ఒక్కసారి ఎప్పుడొస్తుందో వాడికి చెప్పి వస్తుందా?"

అన్న మాట ఆమె చెవినే పడింది. తెలీదు కాబట్టే మింగమంటున్నా అన్న డాక్టరమ్మ మాట దాని పక్కనే వచ్చి కూర్చుంది. బాత్‌రూమ్ అలమరలో షాంపూ సీసా వెనక పెట్టె కళ్ళ ముందు కనపడింది. ఈ మూడు వారాలూ తను ఆ ఓనరు వెధవే. అదే వాదన, అదే గొంతు. ఇంకా అధ్వాన్నం, వాడు పది రోజులే అడిగాడు.

పక్కకు తిరిగి మొగుడిని చూసింది. ఆయన కూడా అదే అలమరలోంచి రోజూ గడ్డం బ్లేడు తీసుకుంటాడు. పెట్టెను చూసే అడిగాడా ఆ ప్రశ్న? ఈయనకంత తెలివెక్కడిది అనుకుంది. కానీ లైసెన్సు కార్డు గుర్తొచ్చి, ఆ మాట మీద ఆమెకే నమ్మకం కుదరలేదు.

డాక్టరమ్మ ఎప్పటిలాగే అడిగింది. "ఎలా ఉంది?"

"బాగాలేదు" అంది మేడం. వేళ్ళ సంగతి, చీలమండ సంగతి, సెగల సంగతి చెప్పింది. ఆడపడుచులా వాగుతున్నానేమో అని మధ్యలో ఒకసారి ఆగింది. డాక్టరమ్మ చెప్పమన్నట్టు చూసింది. సైకిలు ముసలాయన సంగతి, తిట్లు తిన్న డెంటిస్టు సంగతి కూడా చెప్పింది. చివరికి, "మానేశా. మూడు వారాలైంది" అంది. కుర్చీలో కదలకుండా కూర్చున్న మొగుడు తన బూట్లు చూసుకుంటున్నాడు.

"పోయినసారి బాగానే ఉందన్నారు కదమ్మా."

"అడిగినవాళ్ళందరికీ అదే చెప్పా. మీకూ చెప్పా."

"నేను అందరిలో ఒకదాన్ని కాదు" అంది డాక్టరమ్మ, ఈసారి కాస్త కోపంగానే. "ఇదే పని చేసే మందులు ఇంకో రెండున్నాయి. ఒకటి పడనివాళ్ళకి ఇంకోటి పడుతుంది, చాలామందికి. మీరు చెబితే అప్పుడే మార్చేదాన్ని. మధ్యలో కొన్నాళ్ళు ఆపి చూద్దామనేదాన్ని, ఆ సెలవు మీకు మీరే ఇచ్చేసుకున్నారు."

"కొత్తది కూడా ఇలాగే బిగిస్తే?"

"బిగిస్తే వచ్చి చెప్తారు. అప్పుడూ పనికిరాకపోతే మానేద్దాం, కూర్చుని మాట్లాడుకుని మానేద్దాం. మీ ఒళ్ళు, మీ ఇష్టం. కానీ ఆ కాలు సంగతి తేలేదాకా నేర్పే సీట్లో కూర్చోకండి."

ఆ సీటు లేకపోతే స్కూల్లో మిగిలేది గది పాఠం. గోడకు తగిలించిన రోడ్డు గుర్తులు కర్రతో చూపిస్తూ, ఇది ఆగు, ఇది వంతెన అని ఆవులించే మందకు చెప్పాలి. ఆ పాఠం చెప్పేవాళ్ళను ఆమె ఇన్నేళ్ళూ పురుగుల్లా చూసింది. ఏడుపొచ్చింది. ఏడవలేదు.

"రాయండి" అంది.

మందుల షాపులో కొత్త పెట్టె కొనుక్కుని కారెక్కారు. ఆమె ముందు డెంటిస్టుకి ఫోన్ చేసింది. ఆరోజు లేటైంది నా కాలే, మీరు మళ్ళీ రండి, వేరేవాళ్ళు నేర్పుతారు అని చెప్పింది. ఆయన అవతల నుంచి పరవాలేదు మేడం, పరవాలేదు మేడం అని నాలుగుసార్లు అన్నాడు. "పరవాలేదు అనకండి, పరవా ఉంది" అని పెట్టేసింది.

స్కూలు ప్రహరీ పక్క సందు దగ్గరికి వచ్చేసరికి ఒక పిల్ల తోపుడు స్కూటరు మీద సర్రున రోడ్డు మీదికి దూసుకొచ్చింది. మేడం కాలు రబ్బరు పట్టాను బలంకొద్దీ తొక్కింది. కారు ఆగింది. పిల్ల వెళ్ళిపోయింది.

ఆమె కాలి కింద ఏమీ లేదు. ఆపింది ఆయన. ఆమె కంటే ముందే తొక్కాడు.

ఒళ్ళో మందుల పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఉండిపోయింది. వెనక బండివాడు హారన్ కొట్టినా ఆయన తొందరపడలేదు. అద్దంలో చూసుకుని, గేరు వేసి, మెల్లగా కదిలించాడు.

"క్లచ్చి అంతసేపు తొక్కిపెట్టకూడదు" అంది ఆమె, కిటికీ వైపు మొహం తిప్పుకుని.

"సరే" అన్నాడాయన.